నల్లగొండ నుంచి పాలమూరు దాకా ఒకటే ముచ్చట

చౌటుప్పల్ దాటాక నేల తీరు మారిపోతుంది. అప్పటిదాకా రోడ్డుకు ఇరువైపులా వెంట వచ్చిన వెంచర్ల బోర్డులు, ఫ్యాక్టరీల ప్రహరీలు పలచబడి ఎర్ర చెల్కలు మొదలవుతాయి. వాటి మధ్య ఎవరో పనిగట్టుకుని పేర్చినట్టు గుండ్రాళ్ల గుట్టలు. అది 2025 నవంబరు నెలాఖరు. చేలల్లో పత్తి ఏరుతున్న ఆడవాళ్ల ఒడులు నిండి బరువుగా వేలాడుతున్నాయి. ఊళ్ల మొదట్లో కొనుగోలు కేంద్రాల ముందు వడ్ల రాసులు, పక్కనే పట్టాల మీద కునుకు తీస్తున్న రైతులు. నార్కట్‌పల్లి దగ్గర హైవే వదిలి నల్లగొండ దారి పట్టాక అక్కడక్కడా బత్తాయి తోటల పచ్చదనం కంటికి చల్లగా తగిలింది.

మాది తెనాలి పక్క. కాలవ గట్ల మీద తిరిగి పెరిగిన కళ్లకు ఈ నేల మొదట కరుగ్గా కనిపిస్తుంది. మాకు నీళ్లు వెతుక్కుంటూ వచ్చేవి. ఇక్కడి వాళ్లు నీళ్ల కోసం తరాల తరబడి ఎదురుచూశారు. ఆ తేడా మాటతీరులోకి కూడా దిగిందని ఈ ప్రయాణంలో తెలిసింది. తెలియజెప్పిన ముచ్చట మాత్రం నేను ఊహించనిది. జట్టుకు కోచ్‌గా ఎవరుండాలన్న వాదన నల్లగొండలో నా చెవిన పడి, పాలమూరు దాకా నాతోనే వచ్చింది.

నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్‌లో టీ కొట్టు ముందు నిలబడగానే ఆ వాదన మధ్యలోకి వెళ్లి పడ్డాను. అప్పటికి గువాహటి టెస్టు ముగిసి ఎన్నో రోజులు కాలేదు. నవంబరు 26న దక్షిణాఫ్రికా చేతిలో 408 పరుగుల తేడాతో ఓడాం. పరుగుల లెక్కన టెస్టుల్లో మనకు అదే అతిపెద్ద ఓటమి. అంతకు ఏడాది ముందు న్యూజిలాండ్ మన గడ్డ మీదే 3-0తో ఊడ్చేసి వెళ్లింది. రెండుసార్లూ కోచ్ గౌతమ్ గంభీరే.

"తీసెయ్యాలె అన్నా. ఇగ మన లక్ష్మణ్‌నే పెట్టాలె," అన్నాడు డిగ్రీ చదువుతున్నట్టున్న కుర్రాడు.

పక్కనే ఖాకీ చొక్కా మీద స్వెటర్ వేసుకుని ఉన్న ఆర్టీసీ డ్రైవరన్న గ్లాసు దించి అడిగాడు. "లక్ష్మణ్ మనోడని పెట్టాలంటున్నవా, పనోడని పెట్టాలంటున్నవా? ముందు గది జెప్పు తమ్మీ."

ఆ ప్రశ్న నాకు బాగా నచ్చింది. కుర్రాడూ తడుముకోలేదు. వీవీఎస్ లక్ష్మణ్ 2021 డిసెంబరు నుంచి బెంగళూరులో జాతీయ క్రికెట్ అకాడమీ పెద్దగా ఉన్నాడని, అక్కడికొచ్చే పిల్లలందరి ఆటా ఆయనకు తెలుసని, 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టుకు ఆయనే కోచ్ అని వేళ్లు మడుస్తూ చెప్పాడు. ఇంకొకాయన అడ్డుపడ్డాడు. గంభీర్ వచ్చాకనే 2025 మార్చిలో చాంపియన్స్ ట్రోఫీ, సెప్టెంబరులో ఆసియా కప్ వచ్చాయి గదా, అందులో ఫైనల్ నిలబెట్టింది మన తిలక్ వర్మనే గదా అన్నాడు. మూడో ఆయన టెస్టులకొకరు, తెల్ల బంతికొకరు ఉండాలని తేల్చాడు. 2016లో 57 మంది దరఖాస్తు పెట్టుకుంటే వడపోసి కుంబ్లేను ఎంచిన ముగ్గురిలో లక్ష్మణ్ కూడా ఒకరని, కోచ్‌ను ఎంచే కష్టం ఆయనకు తెలుసని డ్రైవరన్నే గుర్తుచేశాడు. ఆ కుంబ్లే ఏడాది తిరగకముందే పాకిస్తాన్‌తో ఫైనల్ ఓడి వెళ్లిపోయిన సంగతి కూడా ఆయనే చెప్పాడు.

ఈలోగా నా చేతికి టీ వచ్చింది. నేను అడగలేదు. వాదించుకుంటున్న వాళ్లలో ఒకరు వన్ బై టూ చెప్పి సగం నాకిప్పించారు. ఏ ఊరు, ఎవరి తాలూకు అన్న ప్రశ్నలు టీ తాగడం అయ్యాకే వచ్చాయి. మా వైపు వరస తిరగబడి ఉంటుంది. ముందు ఊరూ పేరూ తెలియాలి, తరవాతే మర్యాద. మా బడ్డీ కొట్ల దగ్గర క్రికెట్ మాట వస్తే ఎవడు ఎన్ని కొట్టాడన్న దగ్గరే మొదలై అక్కడే ముగుస్తుంది. తెర వెనక కూచునే మనిషి గురించి ఇంత ఓపిగ్గా, ఇంత వివరంగా మాట్లాడుకోవడం నేను అంతకుముందు వినలేదు.

అంతసేపూ బెంచీ మీద మౌనంగా ఉన్న పెద్దాయన అప్పుడు నోరు విప్పారు. రిటైరయిన ఉపాధ్యాయుడట. అందరూ ఆయన్ను సారూ అంటున్నారు.

"రహీం సాబ్ సంగతి ఎరికేనా మీకు?"

సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్ మనిషి. ఆయన కూడా బడిపంతులే. హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టును, 1950 నుంచి దేశం జట్టును తీర్చిదిద్దాడు. 1951లో ఢిల్లీలో ఆసియా క్రీడల స్వర్ణం వచ్చింది. మరుసటి ఏడాదే హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తుగా ఓడాం. మన వాళ్లలో చాలామంది ఆ చలిలో ఉత్త కాళ్లతో ఆడారు.

"పది గోల్స్ పడ్డయి. ఇయ్యాల అయితే ఏం జేస్తురు? తెల్లారేసరికి తీసేస్తురు," అన్నారు సారు. "అప్పుడు తియ్యలే. ఉంచిన్రు. నాలుగేండ్లకు మెల్‌బోర్న్‌ల సెమీస్‌కు పోయినం. ఇంకో ఆరేండ్లకు జకార్తాల కొరియాను కొట్టి బంగారం తెచ్చినం. గప్పటికి ఆయనకు కాన్సరు."

1962 ఫైనల్‌లో 2-1తో గెలిచాం. మరుసటి జూన్‌లో రహీం పోయాడు. ఆ తరవాత మన పురుషుల ఫుట్‌బాల్ జట్టుకు ఆసియా క్రీడల స్వర్ణం మళ్లీ రాలేదు.

డిగ్రీ కుర్రాడు ఒప్పుకోలేదు. "అట్లని ఓడుతుంటే సూసుకుంట కూసోవాలెనా సారూ?"

"కూసోవద్దు బిడ్డా. ఓడినంక ఏం మార్చిండో సూడాలె. హెల్సింకి తర్వాత మనోళ్లు బూట్లు తొడిగిన్రు. ఓటమి కాడ ఆగిండా, దాన్ని దాటే పని మొదలువెట్టిండా? అది సూసి తీర్పు జెప్పాలె."

కోచ్‌ను తూచడానికి ఇంతకన్నా మంచి రాయి నాకు ఇంతవరకు దొరకలేదు.

ఆ సాయంత్రం పానగల్లు వెళ్లాను. ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడి గోడ మీద పొద్దంతా కదలకుండా నిలిచే నీడను చూశాను. ఆ రాళ్లను కూర్చిన వాళ్లు వెలుగు ఎటు నుంచి వచ్చి ఎటు చెదురుతుందో ఎన్నాళ్లు కాపు కాసి గమనించి ఉండాలి! అక్కడికి దగ్గర్లోనే ఉదయ సముద్రం. చెరువుగా పుట్టి, శ్రీశైలం ఎడమగట్టు కాలవ (ఎస్సెల్బీసీ) ఎత్తిపోతలతో కృష్ణా నీళ్లు నింపుకుంటున్న జలాశయం. గట్టు మీద గాలికి నిలబడితే ఒకప్పుడు ఈ జిల్లా ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంకర చేసుకుందన్న సంగతి గుర్తుకొచ్చి మనసు బరువెక్కింది. 2015లో మిషన్ భగీరథ పైలాన్‌ను చౌటుప్పల్‌లో నిలబెట్టడం ఊరికే జరగలేదు. మంచి నీళ్ల కోసం ఇంతకాలం కనిపెట్టుకుని ఉన్న నేల మీది ఆ సారు రహీం సాబ్‌కు దేశం ఇచ్చిన పదేళ్ల విలువ నాకు చెప్పడం న్యాయంగానే తోచింది.

మరునాడు దేవరకొండ దారి. రోడ్డు పక్కన తండాలు, ఈతచెట్లు, మేకల మందలు. ఏడు గుట్టలను చుట్టిన కోట గోడ దూరం నుంచి కొండ గీతలాగే కనిపించింది, దగ్గరికి పోతేనే రాయి రాయి విడివడింది. మధ్యాహ్నం ఒక చిన్న మెస్‌లో జొన్న రొట్టె, నాటుకోడి కూర, పచ్చి పులుసు. రొట్టె చేత్తోనే తట్టింది. అంచులు పలచన, నడుమ పొక్కులు మాడి నల్ల చుక్కలు. పచ్చి పులుసులో ఉల్లిపాయను నలిపి వేశారు, దంచిన నువ్వుల వాసన గిన్నె దించకముందే తగిలింది. మా ఇళ్లలో పులుసంటే పొయ్యి మీద మరగాల్సిందే. నిప్పు తగలకుండానే ఇంత రుచి పుడుతుందని ఇక్కడే ఒప్పుకోవాలి. వడ్డిస్తున్న అక్క "ఒక్క రొట్టెకే సాలు అంటవేందన్నా, దూరం బోయెటోనివి," అని రెండోది వేసేసింది. డబ్బులిచ్చేటప్పుడు దాన్ని లెక్కలో కలపలేదు.

డిండి వెళ్లే దారిలో ఒక ఊరి బడి వెనక పిల్లలు కబడ్డీ కోర్టు చదును చేస్తున్నారు. అక్కడ చాలాసేపు ఉండిపోయాను. పాత మన్నును పారతో తిరగేసి, ఇసుక జల్లెడతో రాళ్లు ఏరి, ఇసుక కలిపి, బిందెలతో నీళ్లు చిలకరించి, పొడవాటి చెక్కతో సాపు చేస్తున్నారు. ఒక పిల్లవాడు వంగి అరచేత్తో తడుముతూ తిరుగుతున్నాడు. చేతికి తగిలిన ప్రతి గులకరాయినీ జేబులో వేసుకుంటున్నాడు. "ఇది ఒక్కటి ఉంటె సాలు సార్, మోకాలు చీరుకపోతది," అన్నాడు.

వాళ్ల ముచ్చట తెలుగు టైటాన్స్ గురించి. ప్రో కబడ్డీ పన్నెండో సీజన్ అక్టోబరులోనే ముగిసింది, ఆ వేడి వాళ్లలో ఇంకా ఉంది. ఆ జట్టు కథ చెప్పేటప్పుడు పిల్లల గొంతులు పెద్దవాళ్ల గొంతుల్లా అయిపోయాయి. ఎనిమిదో సీజన్‌లో 22 మ్యాచుల్లో ఒక్క గెలుపు. తొమ్మిదిలో రెండు. పదిలో మళ్లీ రెండే. ఆ సీజన్‌కు పవన్ సెహ్రావత్‌ను రూ.2.60 కోట్లు దాటించి కొన్నా ఆఖరి స్థానం తప్పలేదు. ఏటేటా కోచ్‌లు మారారు. పదో సీజన్‌లో కోచ్ మన శ్రీనివాస్ రెడ్డి, పదకొండులో హర్యానా నుంచి క్రిషన్ కుమార్ హుడా.

"మనోడుంటె మన పిల్లల్ని తీసుకుంటడని అనుకున్నం," అన్నాడు కొంచెం పెద్ద కుర్రాడు.

"మనోనికి ఒక్క సీజనే ఇచ్చిన్రు గదరా, ఏం జేస్తడు?" అన్నాడు ఇంకొకడు.

"మరి హుడా బయటోడే గదా, ఎట్ల గెలిపిచ్చిండు?"

"వానికి రెండో ఏడు గూడ ఇచ్చిన్రు!"

ఢిల్లీని చాంపియన్‌గా నిలిపి వచ్చిన హుడా మొదటి ఏడాది టైటాన్స్‌ను 12 గెలుపులతో ఏడో స్థానానికి తెచ్చాడు, ప్లేఆఫ్స్ అందలేదు. అయినా ఆయన్ను ఉంచారు. రెండో ఏడాది విజయ్ మాలిక్ కెప్టెన్‌గా జట్టు రెండో క్వాలిఫయర్ దాకా వెళ్లి పుణెరి పల్టన్ చేతిలో ఓడింది. ఈ లెక్కంతా ఆ పిల్లలకు కంఠతా వచ్చు.

మనోడా, బయటోడా అన్న వాదన ఎంతకీ తెగకపోతే వాళ్లకు శైలజా జైన్ సంగతి చెప్పాను. నాసిక్‌లో ఏళ్ల తరబడి ఆడపిల్లలకు కబడ్డీ నేర్పిన ఆమెను ఇరాన్ పిలిచింది. 2018 ఆసియా క్రీడల ఫైనల్‌లో ఆమె తీర్చిన ఇరాన్ అమ్మాయిలు మన జట్టునే 27-24తో ఓడించి స్వర్ణం పట్టుకుపోయారు. అది కూడా జకార్తాలోనే, రహీం చివరి స్వర్ణం తెచ్చిన ఊళ్లోనే. పిల్లలు కాసేపు ఏమీ అనలేదు. తరవాత జేబులో గులకరాళ్లున్న వాడు అడిగాడు. "మనోళ్లు ఆమెను ఎందుకు పిలవలే సార్?" ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అది వాళ్ల కన్నా పెద్దవాళ్లు చెప్పుకోవలసిన జవాబు.

డిండి జలాశయం కట్ట దాటి కల్వకుర్తి మీదుగా జడ్చర్ల వైపు సాగే దారి పొడుగునా నేల నెమ్మదిగా ఎగసి పడుతుంటుంది. గట్టుకొక వేపచెట్టు. తాళాలు పడ్డ ఇళ్లు ఇప్పటికీ కొన్ని ఊళ్లలో కనిపిస్తాయి. ముంబై, పుణె, ఎక్కడ ఆనకట్ట కడుతున్నా, ఎక్కడ రోడ్డు వేస్తున్నా పాలమూరు లేబర్ అక్కడ ఉండేవాళ్లు. దేశం నీళ్లకు కాలవలు తవ్విన చేతులు సొంత చేలకు నీళ్ల కోసం దశాబ్దాలు ఆగాయి. శ్రీశైలం వెనక జలాల నుంచి కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు వచ్చాక కొన్ని చోట్ల వరి పచ్చబడింది. నల్లగొండకు నీళ్లు తేవాల్సిన ఎస్సెల్బీసీ సొరంగం మాత్రం ఇంకా పూర్తి కాలేదు. 2025 ఫిబ్రవరి 22న అది దోమలపెంట దగ్గర కూలి ఎనిమిది మందిని మింగింది. ఆ ఎనిమిది మందీ వేరే రాష్ట్రాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన వాళ్లే. పాలమూరు కూలీ కథే వాళ్లదీ.

ఇక్కడి మనుషులు ఓపికను గొప్పగా చెప్పుకోరు. దాని ధర వాళ్లకు తెలుసు. ఊరికే ఎదురుచూడటం వేరు, పని జరుగుతోందని కళ్లారా చూస్తూ ఆగడం వేరు. మొదటిది వాళ్ల మీద రుద్దారు. రెండోదాన్ని వాళ్లు ఎంచుకుంటారు. నల్లగొండ సారు చెప్పిన మాట లోతు నాకు ఈ దారిలోనే దిగింది.

పాలమూరు, అంటే మహబూబ్‌నగర్‌లో, మొదట పిల్లలమర్రికి వెళ్లాను. మూడెకరాల మేర పరుచుకున్న ఏడువందల ఏళ్ల మర్రి. 2017లో చెదలు పట్టి కొమ్మ విరిగితే జనాన్ని లోపలికి రానీయకుండా ఆపి, మరుసటి ఏడాది మందు కలిపిన సీసాలను కొమ్మలకు వేలాడదీసి సెలైన్ ఎక్కించినట్టు చుక్క చుక్కగా ఎక్కించారు. బరువు మోయలేని కొమ్మలకు కింద దిమ్మెలు కట్టారు. చెట్టు కోలుకోవడానికి ఏళ్లు పట్టింది. మంచి జట్టుకూ ఇంతే సేవ కావాలి. జబ్బు ఎక్కడుందో చూడాలి, మందు ఆపకుండా ఎక్కించాలి, చిగురు పడేదాకా మోసే చేతులుండాలి.

పొద్దు వాలుతుండగా ఒక కాలేజీ మైదానంలో బాస్కెట్‌బాల్ కోర్టు కనిపించి ఆగాను. సిమెంటు నేల అక్కడక్కడా పెచ్చులూడింది. రింగుకు వల లేదు. అయినా గీతలు మాత్రం కొత్త సున్నంతో తెల్లగా మెరుస్తున్నాయి. అంతర కాలేజీ పోటీలు దగ్గరపడ్డాయి, అమ్మాయిల జట్టుకు కోచ్ లేరు. పాత విద్యార్థులు నలుగురైదుగురు చేరి ఎవరిని పిలవాలా అని తర్జనభర్జన పడుతున్నారు. వాళ్ల ముందున్న పేర్లు మూడు. ఒకాయన సైన్యంలో ఆడి రిటైరై వచ్చాడు, క్రమశిక్షణ మనిషి. ఇంకొకతను పటియాల ఎన్‌ఐఎస్‌లో కోచింగ్ డిప్లొమా చేసిన యువకుడు, కొత్త పద్ధతులు తెలుసు. మూడో ఆయన పక్క కాలేజీ పాత పీడీ సారు, వయసు మీద పడింది గానీ ఈ జిల్లాలో బంతి పట్టిన పిల్లలందరూ ఆయనకు ఎరికే. ఒక్కొక్కరి వైపు ఒక్కొక్కరు మాట్లాడారు. ఎవరూ ఎవరినీ చులకన చేయలేదు. ఇంత చిన్న పనికి, జీతం కూడా నిలకడగా లేని పనికి, ఇంత శ్రద్ధగా మనుషులను తూచడం చూస్తే గౌరవం కలిగింది.

అమెరికాలో ఇదే పదవి కోసం ఊళ్లకు ఊళ్లు తగవులాడుకుంటాయి. కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్‌కు అక్కడ కోట్ల జీతం. ఆ సంగతి వస్తే కాన్సస్ విశ్వవిద్యాలయం గురించి నాకు తెలిసింది చెప్పాను. 1891లో ఈ ఆటను పుట్టించిన జేమ్స్ నైస్మిత్ అక్కడ మొదటి కోచ్. గెలిచినవి 55, ఓడినవి 60. ఆ జట్టు చరిత్రలో గెలుపుల కన్నా ఓటములు ఎక్కువున్న కోచ్ ఆయనొక్కడే. అయినా ఆయన వేసిన పునాది మీద ఆ జట్టు అమెరికాలోనే పేరున్న జట్లలో ఒకటిగా నిలిచింది. 1898 నుంచి ఇప్పటిదాకా దానికి కోచ్‌లుగా పనిచేసింది ఎనిమిది మందే.

ఆ మాట విన్న అమ్మాయి ఒకతె, జట్టులో పాయింట్ గార్డట, బంతిని చంకన పెట్టుకుని ముందుకొచ్చింది. "అన్నా, ముగ్గురిల ఎవరైనా మంచిదే. మాకు ఒక్కటే అడగాలనుంది. వచ్చే ఏడు గూడ ఉంటరా? మేము ఫస్టియర్ల ఉన్నప్పుడు ఒకరు షూటింగ్ నేర్పిన్రు, పోయిన్రు. సెకండియర్ల ఇంకొకరొచ్చి అది తప్పన్నరు. ఇప్పుడు మా చేతులకే తెల్వది ఎట్ల వెయ్యాల్నో."

అప్పటిదాకా పేర్ల చుట్టూ తిరిగిన మాట ఆ పిల్ల ప్రశ్నతో దారి మార్చుకుంది. జీతం ఎంత పోగు చేయగలం, ఎన్నేళ్లకు మాట ఇవ్వగలం, పరీక్షల నెలల్లో ఎవరు గ్రౌండుకు వస్తారు అని లెక్కలు మొదలయ్యాయి. అదే నవంబరు 2న మన అమ్మాయిలు క్రికెట్ ప్రపంచ కప్ గెలిచిన సంగతిని వాళ్లలో ఒకరు ఎత్తారు. కోచ్ అమోల్ ముజుందార్ రంజీల్లో కొండలా పరుగులు చేసినా దేశం టోపీ పెట్టుకోలేదు. లీగ్ దశలో వరసగా మూడు మ్యాచులు ఓడాక ఆయన్ను తిట్టని నోరు లేదు. 2023 అక్టోబరు నుంచి ఆయన చేతిలో పెరిగిన జట్టు ఆ ఓటముల్లో చెదరలేదు. కడప జిల్లా పిల్ల శ్రీచరణి ఆ జట్టులోనే ప్రపంచ విజేత అయింది.

తిరుగు దారిలో బాలానగర్ దగ్గర సీతాఫలాల ఆఖరి గంపలు. కాలం దాటిపోతోంది, కాయలు చిన్నవి. అమ్మే అవ్వ చేత్తో ఒత్తి చూసి, ఇయ్యాల తినేవి వేరు, ఎల్లుండికి పండేవి వేరు చేసి రెండు కవర్లలో కట్టింది. ఏది ఎప్పుడు తినాలో రెండుసార్లు చెప్పి గానీ డబ్బు తీసుకోలేదు.

కోచ్ మాట రాగానే మనం పేరు దగ్గర మొదలుపెడతాం. ఎవరు గొప్పగా ఆడారు, ఎవరు మనవారు, ఎవరు గెలిపించారు అని చూస్తాం. అవి అడగాల్సిన ప్రశ్నలే. కానీ ఆ పేరుకు ఎన్నేళ్లు ఇస్తాం, మొదటి ఓటమి నాడు ఎవరు పక్కన నిలబడతారు, ఓడాక ఏం మార్చాడో చూసే ఓపిక మనకుందా అన్నవి తేల్చకుండా ఎంత గొప్పవాణ్ని తెచ్చినా పిల్లల చేతులే తికమకపడతాయి. బోర్డులూ ఫ్రాంచైజీలూ వాళ్ల సంగతి వాళ్లు చూసుకుంటాయి. మన ఊరి కాలేజీ, మన ఊరి బడి మన చేతుల్లోనివి. అక్కడ ఆటలు నేర్పే పోస్టు ఖాళీగా ఉంటే నింపమని అడుగుదాం. నింపాక మూడేళ్లు కదిలించవద్దని అదే గట్టిగా అడుగుదాం. ఈసారి తెనాలిలో మా కొట్టు దగ్గర కూచున్నప్పుడు నేను ఎత్తబోయే ముచ్చట ఇదే.